గాలి కంతకు నేను కుక్కిన చీర ముక్క

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నేను అయిదో తరగతి వరకే చదివాను. అది కూడా పూర్తి కాలేదు. పరీక్షల ముందు మా అమ్మకి కాలు విరిగితే ఇంటిపని నా మీద పడింది, మళ్ళీ బడి గడప తొక్కలేదు. ఒక్క ఉత్తరం ముక్క రాయాలన్నా నాకు పూటంతా పడుతుంది. శ ఎక్కడ రాయాలో స ఎక్కడ రాయాలో ఇప్పటికీ తేలదు. ఒత్తులు ఒకచోట ఎక్కువ పడతాయి, ఇంకోచోట అసలు పడవు. ఇన్ని కాగితాలు రాయడం నా బతుకులో ఇదే మొదలు. చదివేవాళ్ళకి విసుగు పుడితే ఆ తప్పు నా రాతదే గానీ, నేను చెప్పబోయే సంగతిది కాదు.

సంగతి ఒక గ్యాసు హీటరు గురించి. "రాయడానికి నీకు ఇంకేం దొరకలేదా? హీటరు మీద కూడా రాస్తారా ఎవరన్నా?" అని మా ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వనీ. ఆ హీటరు దగ్గర నేనొక తప్పు చేశాను. చలికి భయపడే మనవాళ్ళు ఎవరైనా చేసే తప్పే అది. అందుకే రాస్తున్నాను.

మాది కడియం పక్క. అక్కడ పుట్టినవాళ్ళకి మొక్కల పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు. పన్నెండో ఏడు నుంచి నేను నర్సరీల్లో అంట్లు కట్టాను. చాకుతో కోత పెట్టడం, పుల్ల దూర్చడం, టేపు చుట్టడం, పైన కవరు తొడగడం. కొత్త అంట్లన్నిటినీ పాలిథిన్ గుడారంలో పెట్టి, అంచుల మీద మట్టి పోసి తొక్కేవాళ్ళం. చీమ దూరే సందు కూడా ఉండకూడదు. మా మేస్త్రి రోజుకి పదిసార్లు అనేవాడు: "పిల్లా, అంటుకి గాలి తగిలిందంటే నీ వారం పని గంగలో కలిసినట్టే." ఆ మాట నా ఒంట్లోకి ఇంకిపోయింది. ఎక్కడన్నా లేత మొక్క మీదికి చల్లగాలి కొడుతుంటే నా చెయ్యి దానంతట అదే అడ్డం వెళ్తుంది.

మా ఆయన వంటవాడు. హానోవర్‌లో ఒక ఇండియన్ రెస్టారెంటులో పని దొరికి ముందు తను వచ్చాడు, తర్వాత నన్ను తెచ్చుకున్నాడు. వచ్చిన కొత్తలో నాలుగేళ్ళు నేను నాలుగో అంతస్తు కిటికీ దగ్గరే కూర్చున్నాను. భాష రాదు. కింద ట్రాములు పోతుంటే లెక్కపెట్టుకునేదాన్ని. పెరుగు డబ్బాల్లో కొత్తిమీర వేసుకుని, దానితోనే మాట్లాడుకునేదాన్ని. ఒకరోజు మా ఆయన, "ఊరి చివర నర్సరీ ఉందంట. మనిషి కావాలంట. వెళ్దాం రా," అని తీసుకెళ్ళాడు. ఆ నర్సరీ యజమానురాలు అరవై దాటిన మనిషి. పొడుగ్గా ఉంటుంది, మాటలు తక్కువ. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఒక గులాబీ మొక్క, ఒక చాకు నా ముందు పెట్టింది. నేను అంటు కట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గోడకున్న గడియారంలో ఏడు మీద వేలు పెట్టింది. రేపు పొద్దున్న ఏడింటికి రమ్మని. ఆ రోజు మా ఆయన ట్రాములో ఉన్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు.

ఇక్కడ ఆడ యజమానిని షెఫిన్ అంటారు. నేనూ అలాగే పిలుస్తాను.

నర్సరీలో నాతోపాటు ఇంకో తెలుగు పిల్ల ఉంది. వరంగల్ అమ్మాయి. హానోవర్‌లో పెద్ద చదువు చదువుతూ వారానికి మూడు రోజులు ఇక్కడ పనికి వస్తుంది. నన్ను పిన్నీ అంటుంది. షెఫిన్ చెప్పిందంతా నాకు తెలుగులో చెప్పేది తనే. ఆ పిల్ల లేని రోజు నేను అందరికీ "యా యా" అంటూ తలాడిస్తాను. ఆ యా యా ఎంత పని చేసిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మొక్కల కోసం ప్లాస్టిక్ కప్పు వేసిన మా పెద్ద పాలీహౌస్‌లో పాత హీటరు తుప్పుపట్టి పోయింది. ఆకులు రాలే కాలంలో కొత్తది పెట్టించారు. దాన్ని బిగించడానికి ఒక ముసలి మైస్టర్ వచ్చాడు. మైస్టర్ అంటే పనిలో పట్టా ఉన్న పెద్ద మేస్త్రి. గ్యాసు పని ఇక్కడ ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోవడానికి లేదు. ఈయన షెఫిన్ వాళ్ళ నాన్న కాలం నుంచి ఆ నర్సరీకి వస్తున్నాడట.

ఆయన పని చేస్తుంటే నేను కుండీలు సర్దుతున్నట్టు నటిస్తూ చూశాను. పెద్ద ఇనప్పెట్టె లాంటి మిషను అది, వెనక ఫ్యాను, ముందు రెక్కలు. దాన్ని నేల మీద పెట్టలేదు, పైన ఇనప దూలానికి నాలుగు కడ్డీలతో వేలాడదీశాడు. ముందు ఆ దూలం అంత బరువు మోస్తుందా అని చాలాసేపు చూసుకున్నాడు. రసమట్టం పెట్టి, నాలుగు మూలలూ సమానంగా వచ్చేదాకా నట్లు తిప్పాడు. మిషనుకీ పై ప్లాస్టిక్ కప్పుకీ మధ్య ఎంత ఎడం ఉందో, కింద మొక్కలకి ఎంత ఎడం ఉందో టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. పొగగొట్టం కప్పులోంచి బయటికి వెళ్ళే చోట చుట్టూ రేకు వేశాడు, ప్లాస్టిక్ వేడికి అంటుకోకుండా. గ్యాసు పైపు బిగించాక ముందు గాలి నింపి, ముల్లు ఉన్న గడియారం లాంటిది ఒకటి పెట్టి, ఆ ముల్లు దిగుతుందేమోనని కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అది దిగలేదు. తర్వాత గ్యాసు వదిలి ప్రతి అతుకు మీదా నురగ కొట్టి చూశాడు. ఇంట్లో సిలిండరు మార్చినప్పుడు మనం సబ్బు నురగ రాస్తామే, అదే పని. అది చూసి నాకు ఆయన మనవాడే అనిపించింది.

ఆఖరున పక్క గోడకి, నేలకి జానెడు ఎత్తులో, ఒక కంత కోసి దానికి బయటి వైపు జల్లెడ లాంటి రేకు బిగించాడు. లోపలి వైపు కంత అంచున ఎర్రక్షరాల స్టిక్కరు అతికించి, నన్ను దగ్గరికి పిలిచి, దాన్ని చూపిస్తూ ఏదో గట్టిగా చెప్పాడు. ఆ రోజు వరంగల్ అమ్మాయి రాలేదు. నేను "యా యా" అన్నాను.

అప్పటికే బయట చలి ముదిరింది. మర్నాడు మంచు పడుతుందని చెప్పారు. షెఫిన్ కంగారుపడి, ఇప్పుడే వెలిగించమని అడిగింది. మైస్టర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడ పొగగొట్టాలు తనిఖీ చేసే మనిషి వేరే ఉంటాడు, తల నుంచి కాలి దాకా నల్లబట్టలే. ఆయన వచ్చి చూసి సంతకం పెట్టేదాకా వెలిగించనన్నాడట మైస్టర్. ఆ రాత్రికి షెఫిన్ మొక్కల మీద దుప్పట్లు కప్పించింది. మర్నాడు నల్లబట్టలాయన వచ్చి, చూసి, సంతకం పెట్టాక మిషను వెలిగింది. ఆ సంగతి విన్న వరంగల్ అమ్మాయి అంది:

"గంత మంచు పడతదన్నా ఇనలే సూడు పిన్నీ. ముసలాయన మస్తు మొండోడు."

"మొండి కాదమ్మా. మా మేస్త్రీ అంతే. ముడి సరిగా పడకపోతే అంటు విప్పించేసేవాడు."

సంక్రాంతి వెళ్ళాక అని చెప్పుకోవచ్చు, ఇక్కడ ఆ సమయానికి టమాటా నారు పోస్తారు. ఇక్కడివాళ్ళకి ఎండాకాలంలో పెరట్లో టమాటా లేకపోతే తోచదు. వేల మొక్కలు అమ్ముడవుతాయి. షెఫిన్‌కి ఏడాదిలో ముఖ్యమైన పంట అదే. ఆ సంవత్సరం నేను ధైర్యం చేసి, బల్ల చివర నాకు కాస్త చోటు కావాలని అడిగించాను. వరంగల్ అమ్మాయి వాళ్ళమ్మ ఊరి నుంచి గోంగూర విత్తనాలు పంపింది.

"గోంగూర కాదు పిన్నీ, పుంటికూర అనాలె," అని ఆ పిల్ల నా మీద ఎక్కేది.

"ఏ పేరు పెట్టినా తినేది నువ్వేగా. ముందు నీళ్ళు పొయ్యి."

షెఫిన్ ఒక మూల చూపించింది. ఆ మూల సరిగ్గా ఆ గోడ కంత పక్కన. గోంగూర మొలిచింది. రెండాకులు, నాలుగాకులు. మాఘమాసపు చలి ఇక్కడ ఎముకల్లోకి దిగుతుంది. ఆ కంతలోంచి చల్లగాలి చాకులా వచ్చి నా ట్రేల మీద పడేది. పొద్దున్న వచ్చేసరికి మొక్కలు తలలు వాల్చేసేవి. నాకు ప్రాణం ఉసూరుమనేది. పై కప్పు రెండు పొరలు, తలుపులకి రబ్బరు పట్టీలు. ఇంత జాగ్రత్తగా మూసిన ఇంట్లో ఈ ఒక్క కంత ఎందుకు ఉంచారో నాకు అర్థం కాలేదు. మూయడం మరిచిపోయారనుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే, "నీ గోంగూరకి స్వెట్టరు కూడా అల్లవే," అన్నాడు.

మర్నాడు నా పాత నేత చీర ఒకటి చింపి, ఒక ముక్క మడతలు పెట్టి సంచిలో పట్టుకెళ్ళాను. సాయంత్రం అందరికంటే చివర వెళ్ళేది నేనే. వెళ్ళేముందు ఆ ముక్క కంతలోకి కుక్కేశాను, ఆ రోజు నుంచి రోజూ అంతే. ఎర్రక్షరాల స్టిక్కరు మీద నుంచే. పొద్దున్న అందరికంటే ముందు వచ్చేదీ నేనే. రాగానే తీసి సంచిలో పెట్టేసేదాన్ని. పనిచేసే చోట గుడ్డపీలికలు కనిపిస్తే షెఫిన్‌కి గిట్టదు. అంతే తప్ప దాచిపెట్టాలని కాదు.

మొదటి నాలుగు రోజులు గోంగూర హాయిగా లేచింది. నేను మా మేస్త్రిని తలుచుకున్నాను.

తర్వాత ఒకరోజు పొద్దున్న వెళ్ళేసరికి మిషను ఆగిపోయి ఎర్రదీపం వెలుగుతోంది. షెఫిన్ వచ్చి మీట నొక్కితే మళ్ళీ పనిచేసింది. రెండు రోజులకి మళ్ళీ ఎర్రదీపం. మళ్ళీ నొక్కింది. ఆ వారం నాకు పొద్దున్నే తల బరువెక్కేది, కడుపులో తిప్పేది. చలి అనుకున్నాను. వరంగల్ అమ్మాయి కూడా ఒకరోజు నాతోపాటు తొందరగా వచ్చి, "తల పలుగుతుంది పిన్నీ, నిద్ర సాలలేదేమో," అని బయట మెట్ల మీద కూర్చుంది. బయట కూర్చున్నాక తగ్గింది. అది కూడా మాకు బుర్రకి తట్టలేదు.

ఆ తర్వాత టమాటా నారు. ఒక్కో మొక్కా ఆకులన్నీ కిందికి ముడుచుకుని, వానలో తడిసి మూసిన గొడుగులా అయిపోయింది. నీళ్ళు తక్కువైతే అలా కాదు, పురుగు పడితే అలా కాదు. నా ఇన్నేళ్ళ పనిలో అలాంటి వాలకం చూడలేదు. నా గోంగూరకి కూడా కింది ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది.

షెఫిన్ మొక్కల మధ్య నిలబడి ఒక ఆకు వేళ్ళతో పట్టుకుని చూసింది. ఆవిడ మొహం తెల్లబడింది. అలాంటి ఆకుని చిన్నప్పుడు వాళ్ళ నాన్న చూపించాడట. పొగ లోపలికి వస్తే టమాటా ఇలా ముడుచుకుంటుందట, మనిషి ముక్కుకి తెలియకపోయినా మొక్కకి తెలుస్తుందట. అంటే మిషను పొగ బయటికి పోవడం లేదు. అంటే బిగించినవాడిదే తప్పు. వెంటనే ఆ మిషను ఆపేసి, మొక్కల మీద మళ్ళీ దుప్పట్లు కప్పించి, మైస్టర్‌కి ఫోను చేసింది.

మైస్టర్ ఆ మధ్యాహ్నమే వచ్చాడు. నిచ్చెన ఎక్కాడు, మూత విప్పాడు, మంట చూశాడు. పొగగొట్టంలో ఏదో పుల్ల పెట్టి అంకెలు చూశాడు. లోపల ఎక్కడా చీలిక లేదు. అన్నీ బాగానే ఉన్నాయి. గుడ్డ నా సంచిలో ఉంది, కంత తెరిచి ఉంది, మరి బాగుండక ఏమవుతుంది? నాకు అప్పటికి ఆ సంగతి తెలియదు. షెఫిన్ గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి. ఆయన టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అంత పెద్దమనిషి అలా నిలబడితే నాకు చూడబుద్ధి కాలేదు.

సాయంత్రం ట్రాములో వరంగల్ అమ్మాయిని అడిగాను. "ఏమంది ఆవిడ?"

"గురువారం ఆఖరి గడువు ఇచ్చింది పిన్నీ. ఆ రోజు గిన తప్పేందో సూపియ్యకపోతే, మిషన్ ఇప్పుకొని పొమ్మన్నది. ఇంక ఆయన ఈ నర్సరీల కాలు పెట్టుడు లేదన్నది. పాపం, ముప్పై ఏండ్ల సంది అస్తున్నడంట."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటడు? అన్నీ సరిగ్గనే పెట్టిన అన్నడు. మంటకు గాలి కావాలె గద, దానికే గోడకు కంత సుత పెట్టిన, గది మూస్తే తప్ప ఇట్ల గాదు అన్నడు. కంత ఎవరు మూస్తరు అని షెఫిన్ ఒర్రింది."

ఆ పిల్ల ఫోను చూసుకుంటూ మామూలుగా చెప్పింది. నా కాళ్ళ కింద ట్రాము లేనట్టయింది. సంచి ఒళ్ళో ఉంది. సంచిలో చీర ముక్క ఉంది.

మర్నాడు మధ్యాహ్నం రెస్టారెంటు మూసే వేళకి మా ఆయన దగ్గరికి వెళ్ళాను. ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు.

"ఏంటే, మొహం అలా పెట్టేవు?"

చెప్పాను. ఉల్లిపాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఓసినీ. మా వంటింట్లో గాలి లాగే ఫ్యాను ఆగితే గ్యాసే రాదు తెలుసా? అలా కట్టేరు ఇక్కడ. నిప్పు గాలిని తింటుందే. గాలి లేకపోతే విషం కక్కుతుంది. నువ్వు పొద్దున్నే వెళ్ళి అందులో దూరుతున్నావు!"

"నాకేం తెలుసండీ?"

"తెలీదులే." ఉల్లిపాయ పక్కన పెట్టాడు. "ఇప్పుడు గుడ్డ తీసేసేవుగా. ఇంక మిషను బాగానే ఉంటుంది. నువ్వు నోరెత్తకపోతే ఎవరికీ తెలీదు."

నాకూ ఆ ఆలోచన రాకపోలేదు. నిజం చెప్పాలంటే ట్రాములోనే వచ్చింది. చెప్తే పని పోతుంది. పని పోతే మళ్ళీ ఆ నాలుగో అంతస్తు కిటికీ, ట్రాముల లెక్క.

"మరి ఆ ముసలాయన?" అన్నాను.

మా ఆయన మళ్ళీ ఉల్లిపాయ ఒలవడం మొదలుపెట్టాడు. రెండు ఒలిచాక అన్నాడు: "నేను ఈ దేశం వచ్చిన కొత్తలో వేరే వాడు మాడ్చిన బిర్యానీకి నన్ను తిట్టేరు. ఆ మాడ్చినవాడు పక్కనే నిలబడి చూసేడు. వాడి మొహం నాకింకా గుర్తే."

గురువారం వచ్చింది. షెఫిన్, మైస్టర్, వరంగల్ అమ్మాయి, నేను. నలుగురమే. మైస్టర్ మిషను వెలిగించి, జేబులోంచి కర్రకి బిగించిన చిన్న అద్దం తీశాడు. నిచ్చెన ఎక్కి, పొగ పైకి ఎక్కే చోటు పక్కన ఆ అద్దం పట్టుకున్నాడు. పొగ లోపలికి తిరిగొస్తుంటే అద్దం మీద ఆవిరి పడుతుందని వరంగల్ అమ్మాయి చెప్పింది. చూశాం. అద్దం నిర్మలంగా ఉంది. తలుపులన్నీ మూయించాడు. అయినా నిర్మలంగానే ఉంది.

షెఫిన్ ఏదో అంది. వరంగల్ అమ్మాయి చిన్నగా నా చెవిలో చెప్పింది: "ఇయ్యాల మంచిగుంటది, రేపు ఎవల్ని నమ్మాలె అంటుంది. అయిపోయింది పిన్నీ, ఇప్పేస్తరు."

మైస్టర్ నిచ్చెన మీద నుంచి దిగబోయాడు.

సంచి తెరిచి చీర ముక్క తీశాను. వెళ్ళి కంత ముందు కూర్చుని, రోజూ చేసినట్టే దాన్ని నాలుగు మూలలా నొక్కి కుక్కేశాను. లేచి, అద్దం వైపు వేలు చూపించాను.

"పిన్నీ! ఏం జేస్తున్నవ్?"

"ఆయన్ని అద్దం పట్టమనమ్మా."

మైస్టర్ నన్ను చూశాడు, కంతని చూశాడు, మళ్ళీ పైకెక్కాడు. మేం తలుపు పక్కన నిలబడ్డాం. మొదట ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతోంది. కొంతసేపటికి అద్దం అంచున ఊపిరి వదిలినట్టు చిన్న మసక. అది మెల్లగా పాకి అద్దమంతా తెల్లబడింది. ఇంతలో ఆయన నడుముకి ఉన్న, విషపు గాలిని పసిగట్టే చిన్న పెట్టె కీచుమంది. ఆయన చరచరా దిగి గ్యాసు ఆపి, మమ్మల్ని బయటికి తోసినంత పని చేసి, తలుపులు బార్లా తెరిచాడు.

బయట మంచులో నిలబడ్డాం. నేను తల వంచుకున్నాను. షెఫిన్ ఏదో అడిగింది.

"ఎందుకు చేసినవ్ అంటుంది పిన్నీ."

నేను లోపల మూలనున్న ట్రేల వైపు చూపించాను. "గాలి తగిలి పిల్లలు వాడిపోతున్నారని చెప్పు. ఆ కంత ఎందుకో నాకు తెలీదని చెప్పు. ఆయన చెప్పేడు, నాకర్థం కాకపోయినా యా యా అన్నానని కూడా చెప్పు. అది దాచకు."

ఆ పిల్ల అంతా చెప్పింది. మధ్యలో మైస్టర్ నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపేమో అనుకున్నాను. నవ్వు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. షెఫిన్ ఫోను చేసిన రోజు నుంచి తిండి సహించలేదట, చేతిపని మరిచిపోయానేమో, ముసలివాణ్ణయిపోయానేమో అని. నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ చేతి మసి నాకంటింది. తర్వాత నవ్వు ఆపి, వేలు చూపిస్తూ గట్టిగా తిట్టాడు.

"పొద్దుగాల అందరికన్న ముందు లోపలికి పొయ్యేది నువ్వే అంటున్నడు. టమాటకు ఆకు ముడుచుకుంది, నీకైతే కండ్లు మూతవడేటియి అంటున్నడు. మిషన్ తనంతట తనే బందైంది గాబట్టి బతికిపోయినవ్ అంటున్నడు."

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. పని గురించి కాదు. మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్న ఈ పిల్ల గురించి.

షెఫిన్ మైస్టర్‌కి చెయ్యి చాచి ఒక మాట అంది. క్షమించమని అడిగిందని ఆ తర్వాత తెలిసింది. నా వైపు తిరిగి, నా మొహం చాలాసేపు చూసింది. సామాన్లు సర్దుకోమంటుందనుకున్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి, కంతలోంచి చీర ముక్క పీకి, దులిపి, మడత పెట్టి నా చేతికిచ్చింది. తర్వాత నా గోంగూర ట్రేలని ఒక్కొక్కటీ తనే ఎత్తి బల్లకి అటు చివర, గాలి తగలని చోట పెట్టింది. ఆఖరి ట్రే పెట్టి చేతులు దులుపుకుంటూ ఏదో గొణిగింది.

"ఏమంది?"

వరంగల్ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మొక్కను జరిపితే అయిపోయేదానికి గోడను మూస్తరా అంటుంది."

అంత చిన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. మా కడియంలో గాలి ఎటు నుంచి వచ్చినా గుడారం మూసేవాళ్ళమే తప్ప బల్ల జరిపే అలవాటు లేదు. అక్కడ గుడారంలో మంట ఉండదు కదా.

టమాటా నారులో సగానికి పైగా తేరుకుంది. మిగతాది మళ్ళీ పోశాం. నేను రోజూ గంట ముందు వచ్చి ఆ పని చేశాను, ఎవరూ అడగకపోయినా.

వారం తిరిగాక షెఫిన్ ఇంకో మాట చెప్పించింది. ఇక నుంచి ఆ హీటరు చూసుకునే పని నాదట. నేను నమ్మలేదు. "ఆవిడ ఎగతాళి చేస్తోందా?" అని అడిగాను. "కాదు పిన్నీ, ఇంకోసారి నువ్వైతే మర్చిపోవు గద," అంది ఆ పిల్ల. మైస్టర్ ఒక పొద్దున్న వచ్చి నాకు నేర్పాడు. ఈసారి ప్రతి మాటకీ వరంగల్ అమ్మాయిని పక్కన నిలబెట్టుకున్నాడు. నేను యా అంటే ఊరుకోలేదు, చేసి చూపించమన్నాడు.

పొద్దున్న రాగానే కంత రేకు మీద ఆకులు, మంచు, సాలెగూడు లేకుండా తుడవాలి. చిన్న గాజు కంతలోంచి మంట చూడాలి. నీలంగా నిలకడగా ఉంటే సరే, పసుపు నాలుకలు లేస్తే ఆపేసి ఆయనకి ఫోను చేయించాలి. మిషను చుట్టూ ఆయన కొలిచిన ఎడంలో కవర్లు, అట్టపెట్టెలు, ఎండిన కొమ్మలు పెట్టనివ్వకూడదు. ఎర్రదీపం వెలిగితే మీట ఒక్కసారే నొక్కాలి, రెండోసారి వెలిగితే ఇక చెయ్యి వెయ్యకూడదు. షెఫిన్ మళ్ళీ మళ్ళీ నొక్కినందుకు ఆవిడకీ ఆ రోజు చీవాట్లు పడ్డాయి. గ్యాసు వాసన వస్తే దీపం మీట కూడా ముట్టుకోకుండా బయటికి నడిచి, బయటున్న గ్యాసు మర కట్టేసి, దూరం వెళ్ళాకే ఫోను చెయ్యాలి. మూత విప్పడం మాత్రం నా పని కాదు. అది ఎప్పటికీ ఆయన పనే. విషపు గాలి వస్తే కూసే చిన్న పెట్టె ఒకటి తలుపు పక్కన బిగించాడు. నెలకోసారి దాని మీట నొక్కి, కూస్తుందో లేదో చూస్తాను. మొదటిసారి అది కూసినప్పుడు వరంగల్ అమ్మాయి గెంతిన గెంతుకి రెండు కుండీలు పగిలాయి.

ఇవన్నీ మర్చిపోకుండా ఒక పుస్తకంలో రాసుకున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత నేను కలం పట్టింది అందుకే. మొదటి రోజు "మంట నీలం" అని రెండు మాటలు రాయడానికి చాలాసేపు పట్టింది. ఇప్పుడు తేదీ వేసి గబగబా రాసేస్తున్నాను. పక్కన గోంగూర సంగతి కూడా రాస్తాను. వరంగల్ అమ్మాయి ఆ పుస్తకం చదివి, "పిన్నీ, ఇది మనోళ్ళకు తెల్వాలె. గ్యారేజీల్ల, షెడ్లల్ల చలికి బొంతలు కుక్కుతరు," అంది. అదీ ఈ రాతకి మొదలు.

ఆ వేసవిలో గోంగూర నడుం ఎత్తు పెరిగింది. కాలేజీలో చదివే మన తెలుగు పిల్లలు ఊళ్ళోంచి వచ్చి కట్టలు కట్టలు పట్టుకెళ్ళారు. షెఫిన్ దాని పులుపు చూసి కళ్ళు గట్టిగా మూసుకుంది, మళ్ళీ ఇంకో ఆకు తెంపుకుంది. మైస్టర్‌కి మా ఆయన చేసిన పచ్చడి సీసా ఇస్తే, రొట్టె మీద వెన్నలా దట్టంగా రాసుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగాడో నేను చెప్పను.

మొన్న చలి మొదలవకముందు ఆయన ఏడాది తనిఖీకి వచ్చాడు. ఫ్యాను రెక్కల దుమ్ము దులిపాడు, లోపల మంట గొట్టాలు శుభ్రం చేశాడు, అతుకుల మీద నురగ కొట్టాడు. అంతా అయ్యాక నిచ్చెన పక్కకి జరిగి, ఆ అద్దం కర్ర నా చేతికిచ్చాడు. నేను ఎక్కి పట్టుకున్నాను. కింద షెఫిన్ చూస్తోంది. ఎంతసేపు పట్టుకున్నా అద్దం మీద మసక పడలేదు. దిగి పుస్తకం తీసి "అద్దం బాగుంది" అని రాశాను. అద్దం అన్న మాటలో ఒత్తు సరిగ్గా పడిందో లేదో మాత్రం తెలియదు.

ఆ చీర ముక్క ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. రోజూ పొద్దున్న దానితోనే కంత రేకు తుడుస్తాను. ఆ ముక్కతో చేసిన తప్పుకి వాళ్ళు నన్ను పంపెయ్యలేదు. ఈ కాగితాల్లో నా కలం చేసిన తప్పుల్ని కూడా మీరు అలాగే పెద్దమనసుతో చూసీ చూడనట్టు వదిలెయ్యండి. మాట తప్పుగా పడినచోట మీరే సరిదిద్దుకుని చదువుకోండి.